అమ్మకు తక్కువ, పిన్నికి ఎక్కువ

అమ్మకు థైరాయిడ్ తక్కువ, పిన్నికి ఎక్కువ. రెండూ కలిసి నీకు సరిపోతుందిలే అని ఇంట్లో వేళాకోళం. సరిపోలేదు. ఏప్రిల్‌లో కూడా స్వెట్టర్ వేసుకుని బెంగళూరు చలి అనుకున్నాను. మలబద్ధకం, బొంగురు గొంతు, ఊడే జుట్టు. టీఎస్‌హెచ్ (గ్రంథిని పనిచేయమని తొందరపెట్టే హార్మోన్, గ్రంథి మందగించేకొద్దీ ఇది పెరుగుతుంది) 46 వచ్చింది, సాధారణంగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. యాంటీ టీపీఓ (థైరాయిడ్‌కు ఎదురుతిరిగిన యాంటీబాడీ) కూడా ఎక్కువే. అంటే హషిమోటో.

అమ్మదీ అదే. పిన్నిది గ్రేవ్స్. ఒకటి గ్రంథిని మెల్లగా తినేస్తుంది, రెండోది పగ్గాల్లేకుండా పనిచేయిస్తుంది. వేరు మాత్రం ఒకటే: ఒంటిని కాయాల్సిన రోగనిరోధక శక్తి సొంత గ్రంథి మీదే పడటం. ఇంటి నుంచి మనకు దిగేది జబ్బు కాదు, దాని వైపు వాలు మాత్రమే. రోగనిరోధక శక్తిని నడిపే హెచ్ఎల్ఏ, సీటీఎల్ఏ-4 లాంటి జన్యువులు చాలా కలిసి తలా కాస్త తోస్తాయి. అందుకే ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు. కాన్పు తర్వాతి నెలలు, అతిగా అయోడిన్, గ్రేవ్స్‌కైతే పొగతాగడం ఆ వాలును ఇంకా పెంచుతాయి. మగవాళ్లకు తక్కువే గానీ రాదని కాదు, మా తమ్ముడు వినడు.

గ్రంథి పూర్తిగా చేతులెత్తేస్తే లెవోథైరాక్సిన్ (గ్రంథి చేయాల్సిన హార్మోన్‌నే మాత్రగా ఇవ్వడం) రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోలకు 100 దగ్గర. గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లకు 12.5 లేదా 25తోనే మొదలుపెడతారు, ఒక్కసారిగా పెంచితే దడ, ఛాతీనొప్పి. కాబట్టి ఇంట్లో ఒకరి సీసా ఇంకొకరు ముట్టుకోకూడదు. పిన్ని వేసుకునే కార్బిమజోల్ అయితే గ్రంథిని అణిచే మందు. అది వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు తెల్లకణాల లెక్క చూపించుకోవాలి.

నాకు మాత్ర మొదలుపెట్టి 8 వారాలైనా టీఎస్‌హెచ్ 19 దగ్గరే ఆగింది. కారణం ఫిల్టర్ కాఫీ! మాత్ర వేసుకున్న పది నిమిషాలకే తాగేదాన్ని. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం 30 నిమిషాలు, వీలైతే గంట ఆగాలి. ఐరన్, కాల్షియం పేగులోనే మందును పట్టేసుకుంటాయి, వాటికి 4 గంటల ఎడం. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనమైన 3 గంటలకు. ఒంట్లో మందు సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు, అందుకే డోసు మార్చాక 6 వారాల్లోపు పరీక్ష డబ్బు దండగ. జుట్టు మాత్రల్లో బయోటిన్ ఉంటే పరీక్షకు 2 రోజుల ముందే ఆపాలి, లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. యాంటీ టీపీఓ మళ్లీ మళ్లీ అక్కర్లేదు, డోసు దాన్ని బట్టి మారదు. కాఫీని గంట వెనక్కి జరిపాక 2.8కి దిగింది. నీరసం ముందు పోయింది. జుట్టుకు మాత్రం నెలలు పట్టింది.

చెల్లికి యాంటీబాడీలున్నాయి, టీఎస్‌హెచ్ 2.1. మాత్ర లేదు, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చాలు. గర్భం నిలిస్తే మాత్రం వెంటనే ఒకసారి, ఆపైన ఐదో నెల దాకా 4 వారాలకోసారి. ఇప్పటికే మాత్ర మీద ఉన్న నాలాంటివాళ్లకైతే అప్పుడు డోసు 25–30 శాతం పెరగాలి. మా డాక్టరు ముందే రాసిచ్చారు: పరీక్షలో గర్భం తేలిన రోజు నుంచే వారానికి 7 బదులు 9 మాత్రలు, అపాయింట్‌మెంట్ ఆ తర్వాత.