అప్పన్న కొండ చుట్టూ ఒక రాత్రి

ఆషాఢ శుద్ధ చతుర్దశి వచ్చిందంటే విశాఖపట్నంలో మధ్యాహ్నం నుంచే ట్రాఫిక్ మళ్లించేస్తారు. హనుమంతవాక నుంచి ఎన్ఏడీ దాకా ఊళ్లో సగం రోడ్లు నడిచేవాళ్లవే. సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ అది. సింహాచలం కొండనీ, దాన్ని ఆనుకుని ఉన్న కొండలనీ కలిపి చుట్టి వస్తే 32 కిలోమీటర్లు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అయినా ఉద్యోగం హైదరాబాద్‌లో కావడంతో ఆ రోజుకి నాకు ఎప్పుడూ వీలయ్యేది కాదు. ఈసారి సెలవు పెట్టి మరీ వచ్చాను.

కారణం ఉంది. కొన్నేళ్లుగా ఆఫీసు కాల్స్ అయిపోయాక రాత్రిళ్లు ప్రవచనాలు, ఉపనిషత్తుల పాఠాలు వింటున్నాను. విన్నంతసేపూ మనసు నెమ్మదిస్తుంది. తెల్లారి ల్యాప్‌టాప్ తెరిస్తే మళ్లీ అదే టెన్షన్. నేను ఈ శరీరం కాదు, ఈ మనసు కాదు అని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే సత్యం అంటారు. అందులో నాకు అనుమానం లేదు. కానీ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే కూర్చుని తీసేసుకుంటూ పోతుంటే లోపల ఏదో ఎండిపోతున్నట్టు ఉండేది. ఫోన్‌లో అమ్మతో ఆ మాటే అంటే, "ఓసారి అప్పన్న కొండ చుట్టూ నడిచి రా నాన్నా" అంది. ఇంకేం చెప్పలేదు.

మా అక్క మొగుడు, బావ, ఏటా నడుస్తాడు. ఇద్దరం మధ్యాహ్నం తొలిపావంచా దగ్గరికి చేరాం. కొండ కింద మెట్లు మొదలయ్యే చోటు అది. అక్కడ కొబ్బరికాయ కొట్టి బయల్దేరడం ఆచారం. కొట్టే వాళ్ల వెనక మరో వరస, దాని వెనక ఇంకో వరస. కొబ్బరినీళ్లు కాళ్ల కింద పారుతున్నాయి, చెప్పుల్లేని పాదాలకి పీచు అంటుకుంటోంది. చిప్పలు పోగవుతుంటే పనివాళ్లు పారలతో పక్కకి తోస్తూనే ఉన్నారు. ఎవరికీ ఒక్క నిమిషం నిలబడే చోటు లేదు. నా కాయ ఒక్క దెబ్బకి పగిలింది, ఒక చెక్క ఎటో ఎగిరిపోయింది. "వదిలెయ్‌రా, ఆయనదే గదా" అని బావ నా భుజం పట్టుకుని ముందుకి నడిపించాడు.

అడవివరం దాటాక ముడసర్లోవ దాకా చెట్ల నీడ, తేలిగ్గా సాగింది. రిజర్వాయర్ నీళ్ల మీద సోలార్ పలకలు తేలుతూ కనిపించాయి. హనుమంతవాక, విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్లపాలెం వచ్చేసరికి సముద్రం గాలి తగిలింది. అప్పుఘర్ దగ్గర చాలామంది సముద్రస్నానం చేశారు. గజ ఈతగాళ్లు, పోలీసులు ఒడ్డున కాపలా ఉన్నారు. మేం పాదాలు తడుపుకుని, తల మీద నీళ్లు చల్లుకుని వచ్చేశాం.

ఎంవీపీ కాలనీలో దారికి రెండు పక్కలా టేబుళ్లే. పులిహోర, మజ్జిగ, అరటిపళ్లు, బిస్కెట్లు. తీసుకోకుండా దాటనిచ్చేలా లేరు. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు మజ్జిగ డ్రమ్ము పెట్టుకుని స్టీలు గ్లాసులు కడిగి కడిగి అందిస్తున్నారు. ఇసుకతోట దగ్గర కాలేజీ పిల్లలు నడిచేవాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని నొప్పుల స్ప్రే కొడుతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి నా పిక్కల మీద స్ప్రే కొట్టి పైకి చూడను కూడా చూడకుండా పక్కాయన కాళ్ల దగ్గరికి జరిగింది. నేనెవరో, ఎందుకు నడుస్తున్నానో ఆ పిల్లకి అక్కర్లేదు. సేవ గురించి ఎంతో విన్నాను గానీ ఇంత తేలిగ్గా, ఇంత మామూలుగా చెయ్యడం ఆ రాత్రే చూశాను.

సీతమ్మధార దాటాక మాతో పాటు ఒక పెద్దామె నడిచింది. కొత్తవలస వైపు నుంచి వచ్చిందట, ఆకుకూరలు అమ్ముతుంది. పాదాలకి పసుపు, చేతిలో ఒక గుడ్డ సంచి. నేను చందనోత్సవం గురించి బావతో మాట్లాడుతుంటే కలగజేసుకుంది.

ఆ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్పాలి. సింహాచలంలో స్వామి వరాహ లక్ష్మీ నరసింహుడు. వరాహ ముఖం, మనిషి శరీరం, సింహం తోక. కానీ ఆ రూపం కనిపించేది ఏడాదికి ఒక్క రోజే, వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు. అదే చందనోత్సవం. మిగతా రోజుల్లో చందనం పూతలో ఉంటాడు, చూడ్డానికి శివలింగంలా కనిపిస్తాడు. స్థలపురాణం ప్రకారం ప్రహ్లాదుడు కొలిచిన ఈ మూర్తి తర్వాత పూజల్లేక పుట్టలో మునిగిపోయింది. పురూరవుడు పుట్టమన్ను తొలగించి, గంగధార నీళ్లతో అభిషేకం చేశాడు. అప్పుడు ఆకాశవాణి, తీసిన మన్నుకి సరితూగేంత చందనంతో స్వామిని కప్పమని చెప్పింది. ఇప్పటికీ ఆ లెక్కే. ఏడాదిలో నాలుగు విడతలు, విడతకి మూడు మణుగులు, అంటే దాదాపు 120 కిలోల చందనం. చెక్కలు రాతి మీద అరగదీసి తీస్తారు. మొదటి విడత అక్షయ తృతీయ రోజు, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి. అంటే మేం నడుస్తున్న ఆ రాత్రి తెల్లారితే ఆఖరి విడత.

"నానెప్పుడూ సందనోత్సవానికి ఎల్లలేదు బాబూ," అందామె. "ఆ లైన్లో ఎప్పుడు వదుల్తారో తెల్దు, నా బేరం పోద్ది. దీనికైతే రాత్తిరే గదా, తెల్లారీసరికి వచ్చీవొచ్చు."

"మరి నిజరూపం చూడాలని ఉండదా అమ్మా?"

"ఉంటాది. అయితే ఏటి, సందనంలో ఉన్నాయన అప్పన్న కాడా ఏటి?"

అని, టైమెంతయిందో అడిగి, కూతురు వెనకబడిందని ఆగిపోయింది. మళ్లీ కనిపించలేదు.

మాధవధార దాటేదాకా నేను బావతో పెద్దగా మాట్లాడలేదు. ఈశావాస్యోపనిషత్తులో ఒక ప్రార్థన ఉంది. సత్యం ముఖాన్ని బంగారు పాత్ర కప్పేసింది, సత్యధర్ముణ్ణయిన నాకు కనిపించేలా దాన్ని తొలగించు అని సూర్యుణ్ణి వేడుకోవడం. నాకు చాలా ఇష్టమైన మంత్రం. ఇన్నాళ్లూ దాన్ని నా మీద నేను చేసుకునే పనిలానే అర్థం చేసుకున్నాను, మూత పీకేయాలి, లోపలున్నది చూసెయ్యాలి అన్నట్టు. కానీ అది ప్రార్థన. తొలగించమని అడుగుతున్నాడు గానీ తానే తొలగిస్తానని అనడం లేదు. ఇక ఇక్కడ ఈ కొండ మీద భక్తులు చేసే సేవ అంతా కప్పడమే. ఉగ్రమూర్తిని చల్లబరచడానికి అరచేతులతో చందనం పట్టిస్తారు. ఆ పూతని అడ్డం అని ఎవరూ అనుకోరు, మళ్లీ వైశాఖం దాకా ఆ పూతకే మొక్కుతారు, దాన్నే ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు. కళ్లకి కనిపించనిది దూరంగా ఉన్నట్టు కాదని, సత్యం కోసం వెతికే మనిషి ముందు ఈ ప్రేమ నేర్చుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. జ్ఞానమార్గం తక్కువని నేననను. నాకు మాత్రం అందులో తడి లేకుండా పోయింది, అది ఇక్కడ దొరికింది.

ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద జనం దుప్పట్లు పరుచుకుని నడుం వాల్చారు. మేమూ కూర్చున్నాం, కానీ బావ పదినిమిషాలకే లేపేశాడు. ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయట. నిజమే, లేచాక మొదటి ఫర్లాంగు నరకం. గోపాలపట్నం, ప్రహ్లాదపురం ఎలా దాటానో సరిగ్గా గుర్తులేదు. ఎవరో వెనక నుంచి "సింహాద్రి అప్పన్నకీ" అనేవారు, ముందున్న గుంపు "జై" అనేది. మధ్యలో నేనూ అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది.

తెల్లవారుజామున మళ్లీ తొలిపావంచా. మెట్ల మీద వెళ్లే ఓపిక లేక కొండ మీదికి బస్సెక్కాం. క్యూ మెల్లగా కదిలింది. అంతరాలయం దగ్గర రాతిగోడల మీద శాసనాలు కనిపిస్తూనే ఉన్నాయి. కుళోత్తుంగ చోళుడి కాలపు 1098 నాటి శాసనం ఈ గుడి గురించి దొరికినవాటిలో పాతది. 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు నరసింహదేవుడు గుడిని ఇప్పటి రూపానికి తెచ్చాడు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు దర్శనానికి వచ్చాడు. అఖండ దీపాలకి దానాలిచ్చిన వాళ్ల పేర్లూ ఈ శాసనాల్లో చాలా ఉన్నాయి. రాజుల పేర్ల కన్నా నాకు ఆ దీపాలవాళ్లే దగ్గరగా అనిపించారు. ఉత్తరాంధ్రలో ఈనాటికీ ఇంటికో అప్పలరాజో అప్పలనరసమ్మో ఉండేది ఈ స్వామి వల్లే కదా.

కోరికలు తీరతాయని భక్తులు నమ్మే కప్పస్తంభాన్ని కౌగిలించుకునే వాళ్లని దాటుకుని లోపలికి వెళ్లాం. ఆ వేకువనే పూసిన చందనం, ఇంకా తడిగా ఉన్నట్టుంది, గర్భగుడంతా ఆ వాసనే. నామం తప్ప ముఖం లేదు, చేతులు లేవు. నేను ఏమీ అడగలేదు. అడగాలని రాసుకుని వెళ్లినవి గుర్తుకి రాలేదు కూడా. "జరగండి, జరగండి" అన్నారు, జరిగాను. కళ్లంట నీళ్లు కారుతుంటే బావ చూసి, ఏమీ అనకుండా చెయ్యి పట్టుకున్నాడు.

బయటికొచ్చాక ప్రసాదం పులిహోర తిని, అక్క కోసం సంపెంగలు, ఇంటికి ఒక అనాసపండు కొన్నాం. అమ్మకి ఫోన్ చేశాను. పౌర్ణమి రోజున 32 కిలోమీటర్లు నడవలేనివాళ్లు కొండ మీద గుడి చుట్టూనే ప్రదక్షిణ చేస్తారు. మోకాళ్ల నొప్పులతో అమ్మ అదీ మానేసింది. వచ్చే ఆషాఢానికి నేను నడిచి వచ్చేసరికి నువ్వు పైన ఉండు, చెయ్యి పట్టుకుని ఒక్క చుట్టైనా తిప్పుతాను అన్నాను. "సెలవు దొరుకుద్దా?" అంది. ఇప్పుడే పెట్టేస్తానని చెప్పాను.