శ్రుతి కాస్త దించు

మా ఇల్లు విశాఖపట్నం జ్ఞానాపురంలో, రైల్వే స్టేషన్‌కి అవతలి గేటు వైపు. పొద్దున లేస్తే ఒకవైపు రైలు కూత, ఇంకోవైపు సెయింట్ పీటర్స్ కెథడ్రల్ గంట. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక క్యాథలిక్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే మన టీచర్లకి అక్కడి అర్హత తెచ్చుకునే దారి 2023లో తెరిచారు. ఆ దారిన వెళ్లినదాన్నే నేనూ. ఆగస్టు సెలవులకి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

వెళ్లాక తెలిసింది, అక్కడ లెక్కలొక్కటే చెప్పి ఊరుకుంటే కుదరదని. నాకో ‘ఫారం’ అప్పజెప్పారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు పొద్దున్నే నా గదికొచ్చి, హాజరు వేయించుకుని, ఇరవై నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత ఎవరి క్లాసులకి వాళ్లు పోతారు. నా వాళ్లది ఇయర్ నైన్, పదమూడు పద్నాలుగేళ్ల వయసు. ఆ ఇరవై నిమిషాల్లోనే ప్రార్థన కూడా చేయించాలి. రోజూ బడిలో సామూహిక ప్రార్థన జరగాలని అక్కడ 1944లోనే చట్టం చేశారు. క్యాథలిక్ బడి అయితే ఇక చెప్పేదేముంది. అయితే నా ఫారంలో సగం మంది క్యాథలిక్కులు కారు. మొత్తం మీద పోలండ్ వాళ్లు, నైజీరియా వాళ్లు, ఇద్దరు సిక్కు పిల్లలు, కేరళ నర్సమ్మల పిల్లలు ముగ్గురు, మిగతావాళ్లు ఆ ఊరివాళ్లు.

మొదటి నెలంతా తెర మీద ప్రార్థన వేసి చదివించాను. చదివేది నేనొక్కదాన్నే. వాళ్లంతా బూట్ల వంక చూసుకునేవారు. ఇక్కడ కాన్వెంట్లో చదివినప్పుడు ఎండలో లైన్లో నిలబడి, సిస్టర్ గారి మైకు కీచుమంటున్నా గొంతెత్తి పాడేవాళ్లం. పక్కదాని కంటే గట్టిగా పాడాలన్న పంతం ఒకటి. సరే, వీళ్లకీ పాటే మందు అనుకున్నాను. గుడి కోయిర్లో పాడుతూ పెరిగినవాళ్లకి అంతకు మించి ఏం తోస్తుంది?

అలా పొద్దునపూట హుషారైన భక్తి గీతాలు పెట్టడం మొదలుపెట్టాను. గిటారు, డ్రమ్సు, చప్పట్లు. పిల్లలు లోపలికి రాగానే పాట మొదలవ్వాలి, పాట అయ్యేలోపు బ్యాగులు కింద, పుస్తకాలు పైన ఉండాలి. రెండు వారాలు అద్భుతంగా పనిచేసింది. మూడో వారానికి అది పాట కాదు, బెల్లు. ఒకమ్మాయి మొహం మీదే అనేసింది, “మిస్, ఆ పాట వినపడితే మీరు తిడుతున్నట్టే ఉంటుంది” అని. ఆ రోజే ఆపేశాను. పాటతో పని చేయించుకోబోతే ముందు పాడయ్యేది పాటే. ఇది నా సొంత అభిప్రాయం, పాటతో క్లాసుని అదుపులో పెట్టుకునే టీచర్లు ఒప్పుకోరని తెలుసు.

మధ్యలో ఇంకో ముచ్చట. తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో, అల్లెలూయా అనే స్తుతి పాడకూడదని మాకు పసిపిల్లలప్పుడే నేర్పారు. నాకు తెలుసు గానీ, యూట్యూబ్‌కి తెలీదు కదా. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం తర్వాత రెండో రోజు, నేను హాజరు వేస్తుండగా దానంతటదే తర్వాతి వీడియోకి వెళ్లి అల్లెలూయా అని అందుకుంది. కేరళ పిల్లలు ముగ్గురూ ఒక్కసారి తలెత్తి నా వంక చూశారు. మిగతావాళ్లకి ఏం జరిగిందో కూడా తెలియలేదు.

అసలు చెప్పాల్సింది పాస్కు పండుగ, అదే ఈస్టర్, తర్వాతి సంగతి. ఒక సోమవారం పొద్దున, వాన, మబ్బు, అందరి మొహాలూ వేలాడుతున్నాయి. యేసు చావు నుంచి తిరిగి లేచిన పునరుత్థానం మీద మంచి జోరుగా సాగే పాట ఒకటి పెట్టాను. రెండో చరణం రాకముందే కిటికీ పక్కన కూర్చునే పిల్లాడు కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్లిపోయాడు. అడక్కుండా వెళ్లడం అక్కడ పెద్ద తప్పు. వెనకే వెళ్లాను. కారిడార్లో కోట్లు తగిలించే కొక్కేల దగ్గర గోడకేసి తిరిగి నిలబడ్డాడు. స్వెటర్ చేతిని లాగి గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు, దాని అంచు తడిసిపోయి ఉంది. “శుక్రవారం మా నాన్నమ్మకి ఇదే పాడారు మిస్” అన్నాడు.

పునరుత్థాన గీతాలని చావు పూజల్లో పాడతారు. మా ఇంట్లో తాతయ్యకీ పాడాం, నేనే పాడాను. తెలిసీ తట్టలేదు. హుషారైన పాట అయితే చాలు, మనసు లేచి కూర్చుంటుందని లెక్క వేసుకున్నాను. లెక్కల టీచర్ని కదా.

ఆ తర్వాత బడిలో ప్రార్థనల సంగతి చూసుకునే చాప్లిన్ గారు తేజే పాటలు చూడమన్నారు. ఫ్రాన్సులో 1940లో బ్రదర్ రోజర్ మొదలుపెట్టిన మఠం అది, అన్ని శాఖల క్రైస్తవులూ కలిసి ప్రార్థించే చోటు. పాటంతా కలిపి ఒకటి రెండు వాక్యాలు. వాటినే మళ్లీ మళ్లీ పాడతారు. విన్నాక నవ్వొచ్చింది, ఇది మన వీధి భజన పద్ధతే కదా! మొదటిసారి ఎవరూ నోరు విప్పరు. ఐదో ఆరో సారికి మాట నోటికొచ్చేసి ఎవరో ఒకరు లోలోపల అందుకుంటారు. సిక్కు పిల్లల్లో ఒకడు బల్ల మీద వేళ్లతో తాళం వేసేవాడు. ఆపమని నేను అనలేదు. ఆడపిల్లలు పాడేవారు కూడా. మగపిల్లలు మాత్రం పెదాలు కదిపి ఊరుకునేవారు. సిగ్గనుకున్నాను.

మొన్న కెథడ్రల్లో మరియమ్మ మోక్షారోపణ పండుగకి పాటల ప్రాక్టీసు జరుగుతుంటే వెళ్లాను. హార్మోనియం దగ్గర మా బాబాయే. లాటిన్ పూజ ఆయన చిన్నతనంలో విన్నాడు. 1963లో వాటికన్ సభ, అంటే ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సమావేశం, సొంత భాషలకి తలుపు తీశాకే తెలుగు పాటలూ, డోలకూ గుడిలో నిలదొక్కుకున్నాయంటాడు. నా గోడు అంతా విని, ఆ పిల్లాడి గురించి ఒక్క మాటా అనలేదు. ఫోన్లో ఆ తేజే పాట పెట్టమన్నాడు. రెండు మెట్లు నొక్కి చూశాడు.

“ఏ శ్రుతిలో పాడిస్తున్నావే?”

“వీడియోలో ఎలా ఉంటే అలాగే, బాబాయ్.”

“ఇది నాలుగు. పదమూడేళ్ల మగపిల్లలకి గొంతు మారే వయసు. పైకెళ్లేసరికి కీచుమంటుంది, పక్కవాడు నవ్వుతాడు. ఇంక పాడతాడేటి? రెండుకి దించు.”

ఏడాదంతా సిగ్గనుకున్నది గొంతు అందకపోవడమన్నమాట. రెండు శ్రుతిలో వాయించమని అడిగి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. సగంలో ఉండగా స్టేషన్లో బండి కూత పెట్టింది. బాబాయి చేయి ఆపి, “అది తీసేయ్, మళ్లీ వాయిస్తాను” అన్నాడు. రెండోసారి వాయించేటప్పుడు కోయిర్ పిల్లలు వచ్చి కబుర్లు మొదలెట్టారు. మొదటిదే ఉంచుకున్నాను. సెప్టెంబర్‌లో వాళ్లు ఇయర్ టెన్ అవుతారు, ఫారం నాతోనే ఉంటుంది. కిటికీ పక్క పిల్లాడిని మాత్రం ముందు రోజే పిలిచి ఒకసారి వినిపించాలి.