బాండు రాయని ఆట

2024 డిసెంబరు 17, మంగళవారం. ఆఫీసు అయ్యాక నేరుగా ఫ్రిస్కోలోని టొయోటా స్టేడియానికి బయల్దేరాం, నేనూ, మా టీములో టెస్టింగ్ చూసే పెద్దాయనా. ఆయనది వెస్ట్ వర్జీనియా. చదువుకున్నదీ అక్కడి యూనివర్సిటీలోనే. ముప్పై ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నా, శనివారం వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయిందంటే సోమవారం మీటింగులో ఆయన ముఖం చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఆ రాత్రి ఆ జట్టు వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణం చేసి, మెంఫిస్ యూనివర్సిటీతో ఆడటానికి మా ఊరికే వచ్చింది. టికెట్లు ఆయనే కొన్నాడు. ఈ దేశానికి వచ్చి పన్నెండేళ్లయినా కాలేజీ ఫుట్‌బాల్ మైదానం గడప తొక్కనివాణ్ని వదిలిపెట్టేది లేదన్నాడు.

ఫ్రిస్కో అంటే మనవాళ్లకు కార్యసిద్ధి హనుమాన్ గుడి, దోసెల హోటళ్లు, వారాంతం క్రికెట్. ఇక్కడ ఏటా ఒక బౌల్ మ్యాచ్ జరుగుతుందని మా వీధిలో సగంమందికి తెలియదు. ఆ ఏడాది దాని పేరు స్కూటర్స్ కాఫీ ఫ్రిస్కో బౌల్. మొదటిసారి వినగానే, స్కూటరుకు వెనక ఫిల్టరు కట్టుకుని తిరిగే మనిషి ఎవరో మనసులో మెదిలాడు. తీరా చూస్తే అది కారు దిగకుండా కాఫీ కొనుక్కునే దుకాణాల సంస్థ. గేటు దగ్గర లోపలి వస్తువులు కనిపించే సంచీ అయితేనే రానిస్తామన్నారు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా మళ్లీ కారెక్కింది.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ సీజను నవంబరు చివరికి దాదాపు అయిపోతుంది. పన్నెండు మ్యాచుల్లో ఆరు గెలిస్తే బౌల్ మ్యాచ్‌కు, అంటే సీజను అయ్యాక విడిగా జరిపే ఒక్క మ్యాచ్‌కు, అర్హత వచ్చినట్టే. ఇలాంటివి నలభై దాకా ఉన్నాయి. 1902లో పసడీనాలో మొదలైన రోజ్ బౌల్ లాంటివి నిజంగా పండుగలే. మిగతావాటి సంగతి వేరు. షార్లెట్‌లో ఒక మయొనీజ్ కంపెనీ పేరిట జరిగే మ్యాచ్‌లో, గెలిచిన కోచ్ నెత్తిన ఆ మయొనీజే కుమ్మరిస్తారు. ఆర్లాండోలో పాప్ టార్ట్స్ వాళ్ల మ్యాచ్ అయితే మరీను. వేషం కట్టిన తినుబండారం పెద్ద టోస్టరులోకి దిగిపోతుంది, కింద నుంచి అంతే పెద్ద అసలు తినుబండారం బయటికొస్తుంది, గెలిచినవాళ్లు చేతులతో పీక్కుని తినేస్తారు. ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ వేరే ఉంది. 2024 నుంచి అందులో పన్నెండు జట్లు. మా ఫ్రిస్కో లాంటి చోట గెలిచినా ఓడినా మారేది ఏమీ లేదు.

అందుకే ఆడనివాళ్లు ఆడరు. ఆట మొదలుకాక ముందే మా పెద్దాయన ఫోనులో జట్టు జాబితా తెరిచి, ఈ రాత్రి కనిపించనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఒకరు ప్రొఫెషనల్ లీగుకు సిద్ధమవుతున్నారు, మరొకరు ఇంకో యూనివర్సిటీకి మారిపోతున్నారు. ఆ బదిలీల గడువు డిసెంబరు 9నే తెరుచుకుంది మరి. ఫోను జేబులో పెట్టుకుని అన్నాడు: "డబ్బు తీసుకుంటున్నారు కదా. తీసుకున్నాక ఆడాలి."

నాకు వెంటనే నాన్న సంతకం గుర్తొచ్చింది.

2006లో హైదరాబాదులో మొదటి ఉద్యోగం. పేరు అనవసరం, చిన్న కంపెనీ. రెండేళ్లు కదలకూడదు, కదిలితే లక్ష రూపాయలు కట్టాలి అని స్టాంపు పేపరు మీద బాండు. బీటెక్ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. హామీదారు సంతకం కావాలంటే నాన్న ఆ ఒక్క సంతకం కోసం గుంటూరు నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. ఆఫీసు కింద టీ కొట్టు బల్ల మీద కాగితం పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, నాలుగు పేజీలూ చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. ఏడాది తిరగకుండా బెంగళూరులో రెట్టింపు జీతానికి ఉద్యోగం వచ్చింది. అడిగితే హెచ్ఆర్ ఆవిడ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మీకు శిక్షణ ఇచ్చాం కదండీ, ఆ మాత్రం ఉండరా?" ఉన్నాను. లక్ష రూపాయలు లేక ఉన్నాను.

కాబట్టి "తీసుకున్నాక ఆడాలి" అన్న మాటకు తల ఊపలేకపోయాను. నిజానికి ఆ మాట డబ్బుతో పుట్టిందీ కాదు. ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పు తప్ప పైసా అందని రోజుల్లోనూ ఇదే వాదన ఉంది. అప్పుడు "ఉచితంగా చదివిస్తున్నారు కదా, ఆడాలి" అనేవాళ్లు. శిక్షణ ఇచ్చాం కదండీ.

2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో నోటర్ డేమ్ ఆటగాడు జేలన్ స్మిత్ మోకాలు దెబ్బతింది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి అయిదుగురిలో ఉంటాడనుకున్న కుర్రవాడు 34వ స్థానానికి జారిపోయాడు, మొదటి సీజను మొత్తం ఆడలేకపోయాడు. అది చూశాక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఆ ఏడాది చివర్లోనే స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టియన్ మెకాఫ్రీ సన్ బౌల్ ఆడనన్నాడు, లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్ఎస్‌యూ) చెందిన లెనర్డ్ ఫోర్నెట్ సిట్రస్ బౌల్ ఆడనన్నాడు. స్వార్థపరులని తిట్టారు. డ్రాఫ్ట్‌లో ఒకరు ఎనిమిదో స్థానంలో, మరొకరు నాలుగో స్థానంలో వెళ్లారు. అదే డిసెంబరులో మిషిగన్ ఆటగాడు జేక్ బట్ ఆరెంజ్ బౌల్ ఆడాడు, మోకాలి లిగమెంటు తెగింది, అయిదో రౌండు దాకా అతని పేరు పిలవలేదు. ఆ మోకాలికి ఏ అభిమానీ హామీదారు సంతకం పెట్టలేదు.

విరామంలో పెద్దాయనతో వాదన పెట్టుకున్నాను. డబ్బు తీసుకుంటున్నది దేనికి? 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో, గుర్తింపుల మీద సంపాదించుకోవచ్చన్నారు. ఆ ముందు నెలలోనే ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, కాలేజీ ఆటల నియమాలు చూసే ఎన్‌సీఏఏ సంస్థకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. కానీ ఆడినందుకు డబ్బు ఇవ్వకూడదు, ఆట మీద షరతు పెట్టకూడదు అన్నది ఎన్‌సీఏఏ సొంత నియమమే. కాగితం మీద కొన్నది మొహాన్ని, కాళ్లను కాదు. ఆయన నవ్వేసి, "నువ్వు లాయరువి కావాల్సింది" అన్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలకే లెక్క మారింది. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం రావడంతో జూలై 1 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇంత ఇస్తూ కూడా యూనివర్సిటీలు పట్టుబట్టి చెప్పేది ఒకటే: వీళ్లు మా ఉద్యోగులు కారు. ఉద్యోగులంటే యూనియన్ వస్తుంది, గాయానికి పరిహారం వస్తుంది, ఓవర్‌టైమ్ లెక్కలు వస్తాయి. 2024 మార్చిలో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2 ఓట్లతో యూనియన్ పెట్టుకుంటామన్నారు. కాలేజీ ఒప్పుకోలేదు, ఆ ఏడాది చివరి రోజున యూనియనే పిటిషన్ వెనక్కు తీసుకుంది. ఉద్యోగి అనే మాట రాయరు, ఉద్యోగి విధేయత మాత్రం కావాలంటారు. మా హైదరాబాదు కంపెనీ నయం, కనీసం స్టాంపు పేపరు ఖర్చయినా పెట్టుకుంది.

వీసా సంగతి వస్తే ఇంకా విచిత్రం. మా అక్క కొడుకు ఎఫ్-1 మీద చదువుకుంటూ వారానికి ఇరవై గంటలకు మించకుండా క్యాంపస్ క్యాంటీన్‌లో పళ్లేలు కడిగాడు. బాస్కెట్‌బాల్‌లో 2023, 2024 రెండేళ్లూ దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడనిపించుకున్న పర్డ్యూ కుర్రవాడు జాక్ ఈడీ కెనడావాడు, ఏడడుగుల నాలుగంగుళాల మనిషి. ఎఫ్-1 మీద ఉండటంతో సాటి ఆటగాళ్లలాగా అమెరికాలో తన పేరు అమ్ముకోలేకపోయాడు. అంత ఎత్తు మనిషికీ మావాడికీ ఒకటే నియమం!

మరి కోచ్‌ల సంగతి? ఆ రాత్రి వెస్ట్ వర్జీనియా జట్టును నడిపింది తాత్కాలిక కోచ్. సీజను కోచ్‌ను ఆ నెల మొదట్లోనే తీసేశారు, కొత్తవాణ్ని మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే ప్రకటించారు. 2021లో బ్రయన్ కెల్లీ బౌల్ మ్యాచ్ దాకా కూడా ఆగకుండా నోటర్ డేమ్‌ను వదిలి ఎల్ఎస్‌యూకు వెళ్లాడు. కోచ్ వెళ్తే దాన్ని ఉద్యోగం మారడం అంటారు.

అయినా నా మనసు పూర్తిగా ఒకవైపే లేదు. 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడు మ్యాచులూ గెలిచినా ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు. కోపంతో కొందరు, లీగు కోసం కొందరు, చాలామంది తప్పుకున్నారు. మిగిలినవాళ్లు ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3తో చితికిపోయారు. ఆడనివాడి బరువు ఆడేవాడి భుజం మీదే పడుతుంది. మా ఫ్రిస్కోలో మెంఫిస్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, సెత్ హెనిగన్‌ను చూడండి. పక్కనే ఉన్న డెంటన్ కుర్రవాడు. నాలుగేళ్లు ఒకే జట్టుకు ఆడి, చివరి కాలేజీ మ్యాచ్ ఇంటి దగ్గర ఆడాడు. ఎవరి బలవంతమూ లేకుండా ఆడితే ఈ ఆట ఎలా ఉంటుందో ఆ రాత్రి చూశాను. మెంఫిస్ 42, వెస్ట్ వర్జీనియా 37. చివరి నిమిషాల్లో కూర్చోవడం మరిచిపోయాను.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం యూనివర్సిటీ బ్యాండు పిల్లల్ని. మా ముందు వరుసల్లోనే, వేళ్లు తెగిన చేతి తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి, విరామం దొరికినప్పుడల్లా ట్రంపెట్ మూతిని అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరుచుకునేది. స్కోరు ఎటు పోతున్నా ఆ పిల్ల వంతు రాగానే ఊదేది. మర్నాడు పరీక్ష ఉందో లేదో. ఆ పిల్ల ఫొటోకు డబ్బిచ్చేవాడు ఎవడూ లేడు.

ఓడిన బాధలో పెద్దాయన పార్కింగులో కారుకు ఆనుకుని నిలబడి నా పులిహోర తిన్నాడు. ఎండుమిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఏడుపు ఏది దేనికో నేను అడగలేదు.

మార్చిలో ఆయన ఉద్యోగం మారాడు. బోనసు ఖాతాలో పడిన మూడో రోజున రెండు వారాల నోటీసు ఇచ్చాడు. మా విడుదల తేదీకి అప్పటికి ఇంకా నెల ఉంది. కేకు కోశాం, కార్డు మీద అందరం సంతకాలు పెట్టాం. ఆయన పని నాకూ, ఇంకో అబ్బాయికీ పంచారు. ఆ నెలంతా ఇంటికి వెళ్లేసరికి పిల్లలు నిద్రపోయేవారు. ఆయన చేసిన దాంట్లో తప్పేమీ లేదు. నేనే అయితే హెచ్-1బీ మీద ఉన్నవాణ్ని, మంచి అవకాశం వచ్చినా ముందు కొత్త పిటిషనూ, గ్రీన్ కార్డు వరుసా, ఉద్యోగం పోతే మిగిలే అరవై రోజులూ లెక్కపెట్టుకుని గానీ నోరు తెరవను.

2025 డిసెంబరులో ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదని నోటర్ డేమ్ ఏ బౌల్ మ్యాచూ ఆడనంది. కోచ్‌లు మారుతున్న కాన్సాస్ స్టేట్, అయొవా స్టేట్ కూడా వద్దన్నాయి. ఆ రెండింటికీ వాళ్లున్న యూనివర్సిటీల కూటమి, బిగ్ 12 కాన్ఫరెన్సు, చెరో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. "సరిగ్గా చేశారు" అని రాశాడు.

"మరి మార్చిలో మీకెంత వేయాలి?" అని టైపు చేశాను. కాసేపు చూసుకుని చెరిపేశాను. ఈ ఏడు ఎక్కడికి వెళ్దామని అడిగాను.

"ఎక్కడికైనా సరే," అని జవాబొచ్చింది. "ఆ పసుపు అన్నం తీసుకురా. మిరపకాయ పక్కన పెట్టడం నేర్చుకున్నాను."