క్వార్టర్లు కూల్చి కట్టిన కాలంలో నా ఊబకాయం

తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం అద్దెకిచ్చే పాత క్వార్టర్లలో నేను పెళ్ళైన నాటి నుంచీ ఉంటున్నాను. వాటిని విడతలవారీగా కూల్చి కొత్త బ్లాకులు కట్టాలని నిర్ణయించాక గడిచిన ఏళ్ళలోనే నా ఊబకాయం ముదిరి మధుమేహం దాకా వెళ్ళింది. కొత్త బ్లాకులో స్థిరపడిన తరువాత ఆ రెండూ నెమ్మదిగా తగ్గుముఖం పట్టాయి. పునర్నిర్మాణం పేదల ఒంటికి మేలు చేస్తుందా అని ఎవరైనా నన్ను అడిగితే, చేస్తుందనే చెబుతాను. కానీ పాత ఇల్లు కూలిన రోజుకూ కొత్త ఇంటి తాళం చేతికొచ్చిన రోజుకూ మధ్య గడిచిన కాలం చేసే కీడును ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదన్నదే నా బాధ.

పాత బ్లాకులో మాది నాలుగో అంతస్తు. లిఫ్టు ఎప్పుడో ఆగిపోయింది, మెట్ల మీద దీపాలు ఉండేవి కావు, చీకటి పడితే కింది మలుపు దగ్గర గుంపుగా నిలబడే మనుషులకు భయపడి ఆడవాళ్ళెవరూ గడప దాటేవారు కాదు. అప్పటికే నా బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే లెక్క, 31. మెడ వెనక మడతల్లో చర్మం నల్లబడి మందంగా తయారైంది. ఎంత రుద్దినా పోకపోయేసరికి నలుగురిలో సిగ్గుపడి జుట్టుతో కప్పుకునేదాన్ని. అది మురికి కాదని, శరీరం ఇన్సులిన్‌ను సరిగా వాడుకోలేకపోతోందనడానికి గుర్తని డాక్టరు చెప్పాకే నాకు తెలిసింది. మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్షలో 6.1 వచ్చింది. మధుమేహం ఇంకా రాలేదు గానీ గట్టు మీద ఉన్నానన్నమాట. ఈ దశలో ఉన్నవాళ్ళు బరువులో 7 శాతం తగ్గించుకుని వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గుతుందని, వాటికి బదులు షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 31 శాతమే తగ్గిందని 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చిందని ఆయన ఓపిగ్గా వివరించారు. ఆ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. అయితే రోజూ పని ముగించుకుని ఇల్లు చేరేసరికే చీకటి పడేది. దీపాల్లేని ఆ మెట్లు దిగి, చెత్త పేరుకున్న ఆ ఖాళీ స్థలంలో నేను ఎక్కడ నడవాలి?

కూల్చివేత మొదలయ్యాక మమ్మల్ని ఊరి అవతలి వైపు తాత్కాలిక నివాసాలకు మార్చారు. కుటుంబానికి ఒక గది, అంతస్తుకు ఒక ఉమ్మడి వంటగది. వంతు వచ్చినప్పుడే పొయ్యి దొరికేది. నా వంతు వచ్చేసరికి పిల్లలు ఆకలికి ఆగలేక పొట్లాల్లో దొరికే చిరుతిళ్ళతో కడుపు నింపుకునేవారు, వాళ్ళతోపాటు నేనూ అదే తినేదాన్ని. ఫ్రిజ్ పెట్టుకునే చోటు లేదు కాబట్టి కూరగాయలు రెండో రోజుకే వాడిపోయేవి. పనికి వెళ్ళడానికి రెండు బస్సులు మారాల్సి వచ్చేది. అన్నిటికంటే ఎక్కువగా నన్ను కుంగదీసింది ఇరుగుపొరుగు చెదిరిపోవడం. పిల్లల్ని కాసేపు చూడమని అప్పజెప్పడానికీ, మనసులో మాట చెప్పుకోవడానికీ ఏళ్ళ తరబడి అలవాటైన మనుషులు తలో దిక్కుకూ వెళ్ళిపోయారు. తిరిగి ఎప్పుడు రమ్మంటారో, అసలు రమ్మంటారో లేదో చెప్పే కాగితం మా ఎవరి దగ్గరా లేదు.

అక్కడే నిద్ర పూర్తిగా చెడింది. గురకతో ఊపిరాడక రాత్రి పదేపదే లేచి కూర్చునేదాన్ని, పగలు బస్సులో నిలబడే తూగేదాన్ని. పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, అని తేలింది. గొంతు చుట్టూ చేరిన కొవ్వు నిద్రలో శ్వాసమార్గాన్ని మూసేస్తుందని, సరైన నిద్ర లేకపోతే ఆకలిని పెంచే గ్రెలిన్ హార్మోను ఎక్కువై, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గుతుందని, ఎడతెగని ఆందోళన వల్ల పెరిగే కార్టిసాల్ కొవ్వును పొట్ట చుట్టూ చేరుస్తుందని డాక్టరు చెబుతుంటే, నా బతుకులో ఒక్కో బాధకూ ఒంట్లో ఒక్కో దారి ఉందని అర్థమైంది. ఆ ఏడాది షుగర్ సగటు 7.4కు చేరింది. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు, రాత్రి ముక్కుకు తగిలించుకుంటే గాలిని నెట్టి శ్వాసమార్గం మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం ఇచ్చారు.

నాకు నిజంగా దారి చూపింది ఆసుపత్రిలోని ఆహార నిపుణురాలు. అంతకుముందు ఒకరు ఇచ్చిన చార్టులో రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా వండుకుని తినమని ఉంది. ఈవిడ దాన్ని పక్కన పెట్టి, "మీకు పొయ్యి ఏ వేళకు దొరుకుతుందమ్మా?" అని అడిగారు. అంతవరకూ నన్నెవరూ ఆ ప్రశ్న వేయలేదు. నా వంతు వేళలు రాసుకుని, ఒక్కసారి వండి రెండు పూటలా తినగలిగేవి ఏమిటో, వండకుండా తినగలిగే పప్పుధాన్యాలూ పండ్లూ ఏమిటో వేరు చేసి, పొట్లాల తిండి ఒక్క పూటకు మించకుండా కొత్త పద్ధతి రాసిచ్చారు. దానితో బరువు పెద్దగా తగ్గలేదు గానీ పెరగడం ఆగింది. ఆ పరిస్థితిలో అదే గొప్ప విజయమని ఆవిడ అన్నారు, నేటికీ నాకూ అదే అనిపిస్తుంది.

కొత్త బ్లాకుకు వచ్చిన తరువాత జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బరువు తగ్గించే చిన్నచిన్న ఏర్పాట్లు ఎవరి కంటా పడవు. ఇక్కడ మెట్లు లిఫ్టు కంటే ముందు కనబడతాయి. ప్రతి మలుపులోనూ కిటికీ, దీపం, చేతికి అందే ఎత్తులో కమ్మీ ఉన్నాయి. బ్లాకుల చుట్టూ వేసిన నడకదారి పక్కన కొద్ది కొద్ది దూరంలో బల్లలు వేశారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు నడక ఎంత దూరమన్నది కాదు ప్రశ్న, మధ్యలో కూర్చునే చోటు ఉందా లేదా అన్నది. ఆ బల్లలు లేకపోతే నేను మొదటి మలుపు దగ్గరే వెనక్కి తిరిగేదాన్ని. మొదట్లో బల్ల నుంచి బల్ల దాకా నడిచాను, పోను పోను ఒకటి వదిలి మరొకటి దాకా నడవగలిగాను. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగునా పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని విన్నప్పుడు నమ్మలేదు గానీ, మోకాళ్ళే నాకు ఆ సంగతి చెప్పాయి. రాత్రి భోజనాలయ్యాక రెండో అంతస్తు అమ్మాయి కిందనుంచి "అక్కా, దిగుతున్నారా?" అని కేకేసేది. ఆ వేళప్పుడు ఆడవాళ్ళు నలుగురైదుగురు భయం లేకుండా బయట నడవడమన్నది పాత బ్లాకులో నేను ఊహించని విషయం. సొంత వంటగది ఉంది కాబట్టి తిండి వేళ కూడా నా చేతిలోకి వచ్చింది.

నా ఒక్కదాని అనుభవంతో అందరి గురించీ మాట్లాడకూడదని, ఈ విషయం మీద దొరికినవి చదివాను. అమెరికాలో 1994లో ఐదు నగరాల ప్రభుత్వ గృహాల్లో మొదలైన 'మూవింగ్ టు ఆపర్చునిటీ' ప్రయోగంలో 4,498 మంది స్త్రీల కుటుంబాలకు లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారేందుకు అద్దె సాయం ఇచ్చారు. పది పదిహేనేళ్ళ తరువాత, 2008 నుంచి 2010 వరకు వాళ్ళను పరీక్షించగా, ఏ సాయమూ అందని గుంపుతో పోలిస్తే ఆ స్త్రీలలో బీఎంఐ 35 దాటినవాళ్ళు 4.61 శాతం పాయింట్లు, 40 దాటినవాళ్ళు 3.38 పాయింట్లు, మధుమేహ స్థాయిలో షుగర్ ఉన్నవాళ్ళు 4.31 పాయింట్లు తక్కువగా ఉన్నారని 2011లో ప్రకటించారు. బీఎంఐ 30 దాటినవాళ్ళ లెక్కలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరోవైపు, అదే దేశంలో 'హోప్ సిక్స్' పథకం కింద శిథిలమైన ప్రభుత్వ గృహాలను కూల్చి కట్టినప్పుడు, అక్కడినుంచి మారినవాళ్ళను కొన్నేళ్ళు గమనించిన పరిశోధకులకు భయం బాగా తగ్గినట్టు కనిపించినా దీర్ఘవ్యాధులు మాత్రం అలాగే ఉన్నట్టు తేలింది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకోను. భయం ఇల్లు మారగానే తగ్గుతుంది, ఒళ్ళు మారడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఒకే చోట నిలకడగా ఉండే అవకాశం అందరికీ దొరకదు.

మా పాత బ్లాకులో నా ఎదురింటి వదినకు అది దొరకలేదు. ఒకప్పటి అద్దె బకాయి చూపించి కేటాయింపు జాబితాలో ఆమె పేరు తీసేశారు. ఆమెకు నాకంటే ముందే షుగర్ ఉంది, నాకంటే ఎక్కువ బరువు ఉంది. అద్దె తక్కువని ఇప్పుడు ఆమె ఉంటున్న చోటికి ఆసుపత్రి దూరం, నడవడానికి దారి లేదు. మా చుట్టుపక్కల అద్దెలు పెరిగాక చవకగా కూరగాయలు అమ్మేవాళ్ళు కూడా ఇక్కడినుంచి వెళ్ళిపోయారు. కొత్త కట్టడాలు ఎవరి ఆరోగ్యాన్ని మెరుగుపరిచాయో కొలిచేటప్పుడు, తిరిగి వచ్చినవాళ్ళను మాత్రమే తూచి ఫలితం బాగుందని రాసుకోవడం అన్యాయం.

ఇప్పుడు నా బరువు ముందున్నదానికంటే సుమారు 11 శాతం తక్కువ. డాక్టరు మాత్రలు ఆపించి మూడు నెలలు దాటాక చేసిన పరీక్షలో షుగర్ సగటు 6.2 వచ్చింది. మందులు మానిన మూడు నెలల తరువాత కూడా 6.5 కంటే తక్కువ ఉంటే దాన్ని ఉపశమనం అంటారే తప్ప నయమైందని అనరు, కాబట్టి పరీక్షలు మానలేదు. మెడ మీది నలుపు చాలావరకు పలచబడింది. సీప్యాప్ యంత్రం మాత్రం ఇంకా వాడుతున్నాను.

తరువాతి విడతలో కూల్చబోయే బ్లాకుల కుటుంబాల సమావేశానికి ఈమధ్య నన్ను పిలిచారు. తాత్కాలిక నివాసాల్లో కుటుంబానికొక పొయ్యి ఉండాలని, నడకదారినీ దీపాలనూ చివర్లో కాకుండా మొదటి బ్లాకుతోపాటే పూర్తి చేయాలని, దీర్ఘవ్యాధులున్నవాళ్ళకు మారిన చోటికి దగ్గరలో వైద్యం ఏర్పాటు చేయాలని, ప్రతి కుటుంబానికీ తిరిగి వచ్చే హక్కును కాగితం మీద రాసివ్వాలని అందరం కలిసి అర్జీ పెట్టాము. పొయ్యిల సంగతి అధికారులు ఒప్పుకున్నారు. నడకదారి గురించి ఆలోచిస్తామన్నారు. తిరిగి వచ్చే హక్కు గురించి ఇంకా జవాబు రాలేదు, వచ్చే నెల సమావేశానికి ఎదురింటి వదినను కూడా వెంట తీసుకువెళ్తున్నాను.