హ్యావ్ డన్, హ్యావ్ బీన్ డూయింగ్: నా ఐఈఎల్‌టీఎస్ అనుభవం

విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రిజల్ట్ నిన్ననే వచ్చింది. స్పీకింగ్‌లో 7.5! యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే రైటింగ్‌లో 6.5, మిగతా మూడింటిలో 7 రావాలి. నాకు అన్నీ వచ్చేశాయి. లిజనింగ్, రీడింగ్ పెద్ద కష్టం కాదు, రోజూ ప్రాక్టీస్ చేస్తే చాలు.

నన్ను ఏడిపించింది గ్రామర్ క్లాసు. అమీర్‌పేటలో నేను చేరిన కోచింగ్ సెంటర్ సారు ప్రెజెంట్ పర్ఫెక్ట్ ('హ్యావ్ డన్'), ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యూయస్ ('హ్యావ్ బీన్ డూయింగ్') రెండింటికీ కలిపి బోర్డు మీద ఒక్క ముక్క రాశారు: సిన్స్, ఫర్ కనిపిస్తే 'హ్యావ్ బీన్' పెట్టి ఐఎన్‌జీ తగిలించాలి. నన్ను లేపి మీ ఫ్రెండ్ గురించి చెప్పమన్నారు. 'ఐ హ్యావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్' అన్నాను.

"ఫర్ ఉంది కదమ్మా, బీన్ నోయింగ్ ఏదీ? ఇది కూడా రాకుండా లండన్ వెళ్తావా?"

క్లాసంతా నవ్వింది. నాకంటే చిన్నపిల్లల మధ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ నేను చెప్పిందే కరెక్టు. 'నో' (తెలిసి ఉండటం), 'బిలీవ్' (నమ్మడం), 'ఓన్' (సొంతంగా ఉండటం) లాంటి, పనిని కాక స్థితిని చెప్పే క్రియలకు ఎన్నేళ్లు గడిచినా ఐఎన్‌జీ రాదు. మర్నాడు గ్రామర్ పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే, "ఎగ్జామ్‌కి అంత లోతు అక్కర్లేదు" అని తోసేశారు. స్పీకింగ్‌లో నాలుగో వంతు మార్కులు గ్రామర్‌కే! వేలకు వేలు ఫీజు తీసుకునేవాళ్లు ఒక్క పేజీ చదువుకుని రావాలి కదా.

చివరికి నాకు తేడా తెలిసింది వార్డులోనే, డ్యూటీ మారేటప్పుడు. పేషెంటుకు రాత్రి నుంచి వాంతులు అవుతూనే ఉంటే 'హ్యాజ్ బీన్ వామిటింగ్ సిన్స్ లాస్ట్ నైట్'. ఎన్నిసార్లు అయ్యాయో లెక్క చెప్పాలంటే 'హ్యాజ్ వామిటెడ్ త్రీ టైమ్స్'. ఎంతసేపటి నుంచి అన్నదానికి మొదటిది, ఎన్ని అన్నదానికి రెండోది. జ్వరం ఉండటం మాత్రం 'నో' లాగే స్థితి కాబట్టి, సోమవారం నుంచి ఉన్నా 'హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ మండే' అనే చెప్పాలి. 'హ్యాజ్ బీన్ హ్యావింగ్ ఫీవర్' అని మనవాళ్లు తెగ వాడతారు, దయచేసి మానేయండి. 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ 2019' కూడా. లివ్, వర్క్‌లకైతే ఎక్కువసార్లు 'హ్యావ్ వర్క్‌డ్', 'హ్యావ్ బీన్ వర్కింగ్' రెండూ నడుస్తాయి, టెన్షన్ వద్దు.

టెస్టులో ఉద్యోగం గురించి అడగ్గానే, ఐసీయూలో ఎన్నేళ్లుగా చేస్తున్నానో 'హ్యావ్ బీన్ వర్కింగ్'తోనూ, ఎంతమంది జూనియర్లకు నేర్పానో 'హ్యావ్ ట్రెయిన్డ్'తోనూ తడుముకోకుండా ఒకే వాక్యంలో చెప్పాను.

మీరు కోచింగ్‌లో చేరేముందు డెమో క్లాసులో 'బీన్ నోయింగ్' అనొచ్చా అని అడగండి. అనొచ్చు అంటే అక్కడ ఫీజు కట్టకండి.