బూడిద పోసిన రైతుబిడ్డ

నిన్నటితో ఈ ఏడాది ద్రాక్ష కోత అయిపోయింది. వేళ్ళకు జిగట వదలకముందే రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా, నాన్నకు చీనీ (బత్తాయి) తోట. అట్లాంటా శివారులో ఇల్లు కొన్నప్పటి నుంచి ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. 2021 చలికాలంలో నాలుగు బ్లూబెర్రీ మొక్కలు తెచ్చాను, రెండు టిఫ్‌బ్లూ, రెండు క్లైమాక్స్. ర్యాబిట్‌ఐ జాతివి, జార్జియా, ఫ్లోరిడా ప్రాంతాల్లో పుట్టినవే కాబట్టి ఇక్కడి ఎండకు జంకవు. ఒకే రకం వేస్తే కాపు పలచన. నాటడం ఒక పూట పని.

మే నెలకల్లా చిగుళ్ళు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం పచ్చగా, ఆకు మీద వల గీసినట్టు ఉన్నాయి. రైతుబిడ్డను కదా, ఎవరినీ అడగలేదు. కట్టెల పొయ్యిలోని బూడిద పాదుకు రెండు దోసిళ్ళ చొప్పున పోశాను. పసుపు ముదిరింది. చాలలేదేమోనని మళ్ళీ పోశాను. ఆకుల అంచులు మాడి రాలసాగాయి.

గత్యంతరం లేక మట్టి నమూనా పట్టుకుని కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి వెళ్ళాను. నేల పులుపు కొలిచే పీహెచ్ 7.1 అని వచ్చింది, ఈ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. బ్లూబెర్రీకి ఐదుకు అటూ ఇటూ ఉండాలి. అక్కడి పెద్దావిడ కళ్ళద్దాలు పైకి తోసి, సున్నం వేశారా అని అడిగింది. గడ్డి కోసం ఏటా వేయిస్తున్నాను అన్నాను. బూడిద? నేను నేల చూపులు చూశాను. "ఈ ఎర్రమట్టి సహజంగానే పులుపు నేల. ఈ మొక్క అడిగేదీ అదే. సున్నం, బూడిద ఆ పులుపును విరిచేస్తాయి. దీన్ని చెడగొట్టడానికి మీరు బాగానే కష్టపడి ఉంటారు" అంది. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. మా నాన్న రైతని అప్పటికే ఆవిడకు రెండుసార్లు చెప్పి ఉన్నాను, అదీ నా ఖర్మ.

ఆ రాత్రి నాన్నకు ఫోనులో ఆకు చూపించాను. "ఒరేయ్, ఇనుము అందడం లేదురా. సున్నపు నేలలో చీనీకి ఇదే వస్తే అన్నభేది, అదే ఇనుప లవణం, కొట్టేవాళ్ళం, ట్యాంకు మోసింది నువ్వే కదరా" అన్నారు. కాసేపాగి, "బూడిద ఎవరు పోయమన్నారు?" అని అడిగారు. ఫోను మా ఆవిడ చేతికిచ్చేశాను.

అన్నభేది పిచికారీ పడిన ఆకును పచ్చబరుస్తుంది గానీ వేరు కింది నేలను మార్చదు. గంధకం మారుస్తుంది, కానీ దాన్ని నేలలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చాలి, నెలలు పడుతుంది. అంత ఓపిక లేక మొక్కలు పెకలించి, పైన్ బెరడు నింపిన ఎత్తు మడిలో నాటి, పైన పైన్ సూదులు కప్పాను. ఎరువు అమ్మోనియం సల్ఫేటే, అదీ చిటికెడు. నైట్రేటు ఎరువుల జోలికి పోవద్దు. ఒక క్లైమాక్స్ చచ్చింది. మిగిలినవి కాస్తున్నాయి. కాయ నీలంగా మారగానే కోయకండి, తొడిమ దగ్గర ఎరుపు పోయేదాకా ఆగండి. పిట్టలు ఆగవు, వల కట్టండి.

ఇక్కడి నాటు ద్రాక్ష, మస్కడైన్, పందిరెక్కించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఈ మాటలో గొప్ప లేదు, నిజమే. కానీ నాకమ్మిన ఫ్రై అనే రకానికి ఆడపూలే ఉంటాయని ఆ దుకాణంవాడు చెప్పలేదు, చీటీలోనూ లేదు. రెండేళ్ళు పూత పూతగానే రాలింది. పక్కన పుప్పొడి ఇచ్చే నోబుల్ అనే రకం వేసి, అది పూసిన ఏడు గానీ కాయ నిలవలేదు. ఆ దుకాణంలో ఇక మేకు కూడా కొనను.

మస్కడైన్ గుత్తిగా పండదు, ఒక్కో కాయ ఒక్కోనాడు పండుతుంది. అందుకే కింద దుప్పటి పరిచి తీగ దులపాలి, చింతకాయలు దులిపినట్టు. తోలు మందం. గుజ్జు చప్పరించి తోలు దాచాం, పచ్చడికి పనికొస్తుంది. నోబుల్ నల్లటి పండు, దాని మరక వదలదు. నిన్న నేను పరిచింది మా ఆవిడ కొత్త దుప్పటి.