మూత మూసుకుపోతున్న ‘ప’

జాడీ మూత మళ్లీ మూసుకుంది. వదిన చెన్నై వేళచ్చేరిలో ఇంట్లోనే చేసి అమ్మే పచ్చళ్లకు గీస్తున్న లోగో గొడవ ఇది. ‘ప’ గిన్నెను జాడీగా, తలకట్టును కాస్త ఎత్తిన మూతగా మలిచాను. తెరపై 32 పిక్సెళ్లకు కుదించినా చక్కగా తెలుస్తోంది. చిక్కంతా 18 మిల్లీమీటర్ల రబ్బరు స్టాంపుతోనే.

గీత మందం 2.2, మూతకూ జాడీకీ మధ్య సందు 0.4 మిల్లీమీటరు. గరుకైన గోధుమరంగు క్రాఫ్టు కాగితం లేబుల్ మీద కొడితే సిరా రెండంచుల నుంచీ పాకి సందును మింగేస్తోంది. భూతద్దం పెట్టి చూస్తే, వంపులు దగ్గరయ్యే ఎడమ కొస ముందు పూడుతోంది. తలకట్టు గిన్నెకు అంటుకుంటే ‘ప’ కాస్తా ‘వ’ అయి కూర్చుంటోంది. వదిన ఒక లేబుల్ తిప్పి చూసి, “ఏమయ్యా, ఇక వచ్చళ్లు అమ్మమంటావా?” అంది.

సందు 0.8 చేస్తే మూత జాడీతో తెగతెంపులు చేసుకుంది. 0.6 దగ్గర అక్షరం నిలిచింది కానీ, ప్యాడ్‌లో సిరా నింపిన వెంటనే కొట్టిన ముద్రల్లో అదీ పూడింది. మాథ్యూ కార్టర్ 1978లో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం చేసిన బెల్ సెంటెనియల్ అక్షరాల్లో, సిరా పాకినా మూలలు పూడకుండా గాట్లు పెట్టాడు. నేనూ ఎడమ కొసన 0.2 గాటు పెట్టించాను. ఏమీ మారలేదు. నా అనుమానం రబ్బరును లేజరుతో చెక్కడం మీద: అంత సన్నటి గాటు లోతుగా దిగక, సిరా అందులోనే నిలుస్తున్నట్టుంది. అదే స్టాంపుతో నున్నటి ఆర్టు కాగితంపై కొడితే సందు సగానికి పైగా మిగిలింది, అంటే కాగితానికీ ఇందులో వాటా ఉంది. కానీ దానిపై ఈ సిరా ఓ పట్టాన ఆరదు. నూనె చేయి తగిలిందా, మరకే.

పైగా తెరపై ముదురు రంగు మధ్య తెల్ల సందు ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది, కాగితంపై సిరా దాన్నే తినేస్తుంది. తెరకొక బొమ్మ, స్టాంపుకొక బొమ్మ గీయక తప్పదు. 1971లో శేఖర్ కామత్ గీసిన స్టేట్ బ్యాంకు గుర్తు చూస్తే అసూయ వేస్తుంది: వృత్తం, నడుమ చిన్న గుండ్రం, కిందికి తిన్నని చీలిక. పూడడానికి మూలలే లేవు. 2010లో వచ్చిన రూపాయి గుర్తుకు మాత్రం నా తలనొప్పే: చిన్న అచ్చులో అడ్డగీతలు రెండూ కలిసిపోతాయి.

ఈ పనికి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చాలు, నెలనెలా చందా కట్టి అడోబీ వారి ఇలస్ట్రేటర్ వాడడం దండగ. పేరుకు మండలి ఫాంటు కుదిరింది. రామభద్ర మరీ బరువు, జాడీని తొక్కేస్తోంది. మెరిసే సీసాలపై లోగో అతికించి చూపే మాకప్‌లనైతే అసలు నమ్మను.

ఇక తలకట్టును 1.8కి సన్నబరిచి, సందు 0.6 ఉంచి, లేజరు రబ్బరు బదులు కాంతితో గట్టిపరిచే పాలిమర్ స్టాంపు చేయించాలి. జార్జిటౌన్ ఆండర్సన్ వీధిలో సిరాను అంతగా పీల్చని కాగితం వెతకాలి. ఆవకాయ జాడీలకు కట్టే గుడ్డ మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయమని వదిన ఇప్పటికే అడుగుతోంది. గుడ్డపై 0.6 ఏ మూలకూ రాదు, 1.5 నుంచి మొదలుపెట్టాలి.